వెండెల్ క్రౌస్ కాలు

ఆ ఏడాది ఆష్‌క్రాఫ్ట్ కాలేజీ ఫుట్‌బాల్ టీమ్‌లో సగంమంది మనుషుల్ని చంపి వచ్చినవాళ్ళు. మిగతా సగం గడ్డం కూడా సరిగ్గా మొలవనివాళ్ళు. రెండో ప్రపంచయుద్ధం ముగిసి ఏడాది దాటింది. సైన్యంలో పనిచేసినవాడు చదువుకుంటానంటే ఫీజు సర్కారే కడతానంది. దాంతో పాతికేళ్ళ మగాళ్ళు తుపాకులు అప్పజెప్పి పుస్తకాల సంచులు తగిలించుకుని వచ్చేశారు. పద్దెనిమిదేళ్ళ కుర్రాళ్ళు వాళ్ళని ‘తాతలు’ అనేవాళ్ళు. తాతలు వీళ్ళని ‘పాలపళ్ళు’ అనేవాళ్ళు. అమెరికా ఫుట్‌బాల్‌లో బంతి చేత పట్టుకుని పరిగెత్తాలి, అడ్డొచ్చినవాణ్ణి గుద్ది పడేయాలి. ప్రాక్టీసు మొదలైన వారానికే ఆ పళ్ళు కొన్ని నిజంగానే గడ్డిలో రాలాయి.

కోచ్ గ్రిబెల్‌కి అదొక పండగ. అరికాళ్ళు చదునుగా ఉన్నాయని సైన్యం ఆయన్ని వద్దంది. ఆ అక్కసంతా ఆగస్టు ఎండలో కుర్రాళ్ళ మీద తీర్చుకున్నాడు. నీళ్ళు తాగనిచ్చేవాడు కాదు, నీళ్ళు తాగితే కండ మెత్తబడుతుందని ఆయన సిద్ధాంతం. కుర్రాళ్ళు తడిసిన తువ్వాలు దొంగచాటుగా చప్పరించేవాళ్ళు. ఒకణ్ణి మధ్యలో నిలబెట్టి చుట్టూ పదిమందిని పెట్టేవాడు. ఆయన ఎవడి పేరు పిలిస్తే వాడు పరిగెత్తుకొచ్చి మధ్యలోవాణ్ణి గుద్దాలి. ఎటునుంచి వస్తాడో తెలియదు. పడిపోతే లేవాలి. లేవలేకపోతే సామాను అప్పజెప్పాలి.

సామాను అప్పజెప్పడం అంటే తోలు టోపీ, భుజాల కవచం, మేకుల బూట్లు తీసుకెళ్ళి స్టోరు కిటికీలో పెట్టేయడం. అంతటితో పోయేది కాదు. పాలపళ్ళకి సర్కారు సాయం లేదు, కాలేజీ ఇచ్చిన ఆట ఉపకారవేతనమే దిక్కు. సామానుతోపాటు ఆ సాయంత్రానికే మంచమూ, మెస్సులో కంచమూ పోయేవి. మర్నాడు పొద్దున బస్సెక్కి, ఏ గని ఊరి నుంచి, ఏ మిల్లు ఊరి నుంచి వచ్చాడో అక్కడికే పోవాల్సిందే.

ఎమిల్ హుడాక్ తాతల్లో ఒకడు. నది ఒడ్డు ఉక్కుమిల్లులో కొలిమి దగ్గర పనిచేసే స్లోవాక్ మనిషి కొడుకు. మెడ ఎక్కడ ముగిసి భుజం ఎక్కడ మొదలవుతుందో చెప్పడం కష్టం. ఒక చలికాలమంతా జర్మనీ అడవుల్లో గుంటల్లో పడుకుని వచ్చాడు. మైదానంలో ఎదుటివాణ్ణి బలంగా గుద్ది కింద పడేసినప్పుడు అతనికి లోపలెక్కడో సద్దుమణిగినట్టుండేది. ఇంకెక్కడా అలా ఉండేది కాదు, చర్చిలో కూడా. ఆ సంగతి తలుచుకుంటే అతనికే సిగ్గేసేది.

అతని గదిలో రెండో మంచం వెండెల్ క్రౌస్‌ది. గది అంటే వ్యాయామశాల వెనక సైన్యం వదిలేసిన రేకుల షెడ్డులో ఒక మూల. వెండెల్ బొగ్గుగని మనిషి కొడుకు, పద్దెనిమిదేళ్ళవాడు, పొడవాటి మెడ, ఆగని నోరు. స్నానం చేస్తూ ఈల, పాఠం చదువుతూ ఈల. మొదట్లో ఎమిల్‌కి వాణ్ణి కిటికీలోంచి విసిరేయాలనిపించేది. అక్టోబరు వచ్చేసరికి ఆ ఈల వినపడకపోతే తోచేది కాదు. ఆటలోనూ వాళ్ళు పక్కపక్కనే. వెండెల్ సెంటరు. ఎమిల్ వాడి ఎడమపక్క నిలబడి ఎదుటివాళ్ళని అడ్డుకునే గార్డు.

సెంటరు పనంత దిక్కుమాలిన పని ఇంకోటి లేదు. నడుం వంచి, తల రెండు కాళ్ళ మధ్య పెట్టి, తలకిందులుగా చూస్తూ బంతిని వెనకవాడికి అందించాలి. బంతి చేతులు దాటిన క్షణంలోనే ఎదుటివాడి ముంజేయి వచ్చి వాడి మాడు మీదో, మెడ మీదో పడుతుంది. అది రావడం వాడికి కనిపించదు. ఆ రోజుల్లో టోపీ అంటే ఉత్త తోలు, మొహానికి అడ్డుకమ్మి కూడా లేదు. ప్రతి ఆటలోనూ సెంటరు ఆ దెబ్బలు తింటూనే ఉండేవాడు, అది ఎవరి కంటా పడేది కాదు. అందరూ బంతితో పరిగెత్తేవాణ్ణే చూసేవాళ్ళు.

టీమ్ గెలుస్తూ పోయింది. మొదటి మ్యాచ్‌లో ఎమిల్ ఒకడి దవడ విరగ్గొట్టాడు. బంతితో పరిగెత్తే రస్ టిడ్‌వెల్, పసిఫిక్ దీవుల్లో పోరాడి వచ్చిన మెరైన్, ఇంకో మ్యాచ్‌లో కుప్పపడ్డ మనుషుల అడుగున ఒకడి చెవి కొరికాడు. వానలో, బురదలో, నెత్తుటి ముక్కులతో ఆడారు. గెలిచిన కొద్దీ ఊరికి దాహం పెరిగింది. మిల్లు దిగిన జనం మసి మొహాలతోనే వచ్చి చెక్క మెట్ల మీద నిలబడి ‘చంపండిరా వాళ్ళని’ అని అరిచేవాళ్ళు. కసాయి కొట్టువాడు శనివారం పొద్దున ఊరికే మాంసం పంపేవాడు. ఒక్కటి కూడా ఓడకుండా సీజన్ ముగిస్తే కొత్త సంవత్సరానికి ఫ్లోరిడాలో ఆడటానికి పిలుస్తారు. ఊళ్ళో సముద్రం చూసినవాళ్ళు తక్కువ. గ్రిబెల్ మాత్రం అప్పుడే తెల్ల బూట్లు కొనుక్కున్నాడు.

అక్టోబరు చివర ఒక మ్యాచ్‌లో వెండెల్ బంతి వెనక్కి పంపి అలాగే బురదలో బోర్లా పడిపోయాడు. టీమ్ దెబ్బలు చూసే డాక్ ఫెన్, స్పృహ తెప్పించే అమ్మోనియా సీసా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. పేరుకే డాక్టరు. ఒకప్పుడు గుర్రప్పందేల దగ్గర గుర్రాలకి తైలం రుద్దేవాడు. తలకి దెబ్బ తగిలినవాడి మొహం ముందు రెండు వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగేవాడు. ఎప్పుడూ రెండే. కుర్రాళ్ళు ఇబ్బంది పడకూడదని ఆయన అలా స్థిరం చేసుకున్నాడు. ఆ సంగతి టీమ్‌లో చేరిన మొదటి రోజే పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ చెవిలో వేసేవాళ్ళు.

“ఎన్నిరా నాయనా?” అన్నాడు డాక్ ఫెన్.

“రెండు” అన్నాడు వెండెల్. ఇంకా కళ్ళు తెరవనే లేదు.

జనం చప్పట్లు కొట్టారు. వెండెల్ లేచి ఆట ముగిసేదాకా ఆడాడు.

ఆ తర్వాతి వారం ఇంకో దెబ్బ, ఆ పై వారం ఇంకోటి. షెడ్డులో ఈల ఆగిపోయింది. ఒక ఉదయం ఎమిల్ లేచేసరికి వెండెల్ మంచం అంచున కూర్చుని చేతుల్లో బూటు తాడు పట్టుకుని చూస్తున్నాడు.

“ఒరేయ్, బూట్లు అటుదిటు తొడిగావు” అన్నాడు ఎమిల్.

వెండెల్ కాళ్ళ వంక చూసుకున్నాడు. “నీకు తెలీదులే తాతా. ఇప్పుడిదే ఫ్యాషన్.”

“మళ్ళీ కక్కావా?”

“ఆ మెస్సులో గుడ్లు తిని కక్కనివాడెవడో చూపించు.” నవ్వబోయి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. “ఆ కిటికీకి దుప్పటి కట్టవా, నీకు పుణ్యముంటుంది. వెలుతురు సూదుల్లా గుచ్చుతోంది.”

ఎమిల్ దుప్పటి కట్టాడు. వెలుతురు ఓర్వలేని మనిషిని అతను ఇంతకుముందొకసారి చూశాడు. అడవిలో బోయిట్ అని ఒకడుండేవాడు. దగ్గర్లో గుండు పేలి చెట్టుకి గుద్దుకున్నాడు. తల పోటన్నాడు, కక్కుకున్నాడు, వెలుతురు వద్దన్నాడు. సైన్యం డాక్టరు రెండు మాత్రలిచ్చి మళ్ళీ ముందుకి పంపాడు. కొన్నాళ్ళకి ఇంకో గుండు కాస్త దూరంలో పేలింది, బోయిట్ ఊరికే వెల్లకిలా పడ్డాడు, అంతే. అది పెద్ద దెబ్బ కూడా కాదు. చేతిలో బిస్కెట్టు అలాగే ఉంది, ఒంటి మీద గీత లేదు. ఎమిల్ వాణ్ణి లేరా లేరా అని చాలాసేపు తిట్టాడు.

ఎమిల్ డాక్ ఫెన్ దగ్గరికి వెళ్ళాడు.

“కుర్రాడి బుర్ర బాలేదు డాక్. పెద్దాసుపత్రికి పంపండి.”

“చూశాను కదా. వేళ్ళు చెప్పాడుగా.”

“కళ్ళు మూసుకుని చెప్పాడు. మీరెప్పుడూ రెండే చూపిస్తారు.”

ముసలాయన తైలం చేతులు గుడ్డకి తుడుచుకున్నాడు. “మూడు చూపించి ఆ పసివాడి నోటికాడ కూడు తీసేయమంటావా? నాకు మనసొప్పదు హుడాక్. బతకనీ వాళ్ళని.”

ఆయన ఆ మాట నిజంగా దయతోనే అన్నాడు. ఆ దయ చూసి ఎమిల్‌కి ఒళ్ళు మండింది. నేరుగా గ్రిబెల్ గదిలోకి వెళ్ళాడు.

“తలనొప్పా?” అన్నాడు గ్రిబెల్. “తలనొప్పులకి సెలవులిస్తూ పోతే ప్రెంటిస్ కాలేజీ వాళ్ళ మీద ఆఖరి మ్యాచ్ ఆడటానికి నేనూ, గోల్ స్తంభాలూ మిగులుతాం. వాడికి చేతకాకపోతే వచ్చి సామాను అప్పజెప్పమను. గనిలో ఎంచక్కా చీకటిగా ఉంటుంది, తలకి చల్లదనం.”

ఆ సంగతి తెలిసి వెండెల్ మంచం మీంచి లేచొచ్చాడు. ఎప్పుడూ లేనిది ఎమిల్ చొక్కా పట్టుకున్నాడు.

“కోచ్‌కి చెప్తావా? నీకెవడిచ్చాడ్రా ఆ పెత్తనం?”

“చస్తావురా వెండెల్. నేను చూశాను.”

“మా నాన్నకేం చెప్పను? తలనొప్పొచ్చింది, అందుకే ఇంటికొచ్చేశానని చెప్పనా? ఆయన గని కూలితే పక్కటెముకలు విరిగి పాక్కుంటూ బయటికొచ్చాడు. మర్నాడు పనిలోకి దిగాడు.”

“నువ్వు చచ్చాక ఆయనకేం చెప్పమంటావు?”

“చస్తే చస్తాను. గనిలో చచ్చేకన్నా నయం, ఇక్కడ బ్యాండైనా వాయిస్తారు.” చొక్కా వదిలేశాడు. కాసేపటికి గొంతు తగ్గించి, “ఇంకొక్క మ్యాచే కదా తాతా. ఆ తర్వాత ఫ్లోరిడా వెళ్ళి ఇసకలో పడుకుంటాను” అన్నాడు.

మర్నాడు మెస్సులో ఎమిల్ ఎదుటి బల్ల దగ్గర బఫ్ మాటిసన్ కూర్చున్నాడు. సెప్టెంబరులో వాడి తొడ ఎముక విరిగింది. అప్పట్నుంచి వాడు రాజు. మ్యాచ్ రోజున కుర్చీతో సహా ఎత్తి మైదానం చుట్టూ తిప్పేవాళ్ళు. అమ్మాయిలు పిండికట్టు మీద సంతకాలు చేసేవాళ్ళు. గ్రిబెల్ స్వయంగా వాడి చుట్ట వెలిగించేవాడు. మంచం పోలేదు, కంచం పోలేదు, వచ్చే ఏడాది ఉపకారవేతనం కూడా ఖాయం చేశారు. తల పాడైనవాణ్ణి పిరికివాడన్న నోళ్ళే ఎముక విరిగినవాణ్ణి వీరుడన్నాయి. ఎమిల్ ఆ పిండికట్టు వంక చూస్తూ తినడం మరిచిపోయాడు. ఆలోచన వచ్చింది. వచ్చిన వెంటనే తన మీద తనకే అసహ్యం వేసి కంచం పక్కకి నెట్టేశాడు. కానీ అది పోలేదు. రోజంతా అతని వెంటే తిరిగింది.

బుధవారం ప్రాక్టీసు. ప్రెంటిస్‌తో మ్యాచ్ శనివారం.

“నన్ను అటుపక్క పెట్టండి కోచ్” అన్నాడు ఎమిల్. “ప్రెంటిస్ వాళ్ళ మాదిరి నేను గుద్దుతాను. కుర్రాడికి అలవాటవుతుంది.”

గ్రిబెల్ అతని వీపు తట్టాడు. “ఇప్పుడు మగాడివనిపించావు.”

వెండెల్ ఎదురుగా వంగి బంతి పట్టుకున్నాడు. “రా తాతా రా. నీ నడుం జాగ్రత్త, మళ్ళీ నేనే రుద్దాలి.”

చాలాసేపు ఎమిల్‌కి చేతులు రాలేదు. వంగడం, లేవడం, వాడి భుజాన్ని తోయడం, అంతే. మెత్తగా ఆడుతున్నావని గ్రిబెల్ తిట్టాడు. అంతలో కుడిపక్కవాడి మోచెయ్యి వెండెల్ కణతకి తగిలింది. పెద్ద దెబ్బేం కాదు. వెండెల్ నిలబడ్డాడు, అటూ ఇటూ చూశాడు, వెళ్ళి అవతలి పక్షం వరుసలో నిలబడ్డాడు. అందరూ విరగబడి నవ్వారు. రస్ టిడ్‌వెల్ వాణ్ణి మెడ పట్టుకుని తిప్పి సరైన చోటికి తోశాడు. వెండెల్ కూడా నవ్వాడు గానీ, దేనికి నవ్వుతున్నారో వాడికి తెలియలేదని ఎమిల్‌కి అర్థమైంది.

బంతి వెనక్కి పోయింది. రస్ కాస్త పరిగెత్తి పడ్డాడు. ఆట ఆపమని గ్రిబెల్ ఈల వేశాడు. వెండెల్ నడుం నిటారు చేస్తూ ఎడంకాలి మీద బరువు వేశాడు. బూటు మేకులు బురదలో దిగి ఉన్నాయి, కాలు కదలదు. ఎమిల్ పక్కనుంచి, కిందగా, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి మోకాలి కింద భుజంతో గుద్దాడు.

ఎండుకట్టె విరిచినట్టు చప్పుడైంది. ఎముక మేజోడు చీల్చుకుని బయటికొచ్చింది, తెల్లగా. ఆ వెంటనే వెండెల్ అరుపు. వాడు పడుతుంటే ఎమిల్ ముందుకి దూకి, తల నేలకి కొట్టుకోకుండా అరచెయ్యి అడ్డం పెట్టాడు. అది ఎవరూ చూడలేదు. భుజానికంటిన వేడి నెత్తురు చేతి మీదుగా కారుతుంటే అతను వాడి తల అలాగే పట్టుకుని కూర్చున్నాడు. రస్ వచ్చి జుట్టు పట్టుకుని వెనక్కి లాగేదాకా వదల్లేదు.

“ఈల వేశాక కొట్టావు! ఈల వేశాక కొట్టావురా!”

వాళ్ళకది అన్నిటికన్నా పెద్ద తప్పు. ఈలకి ముందు దవడ విరగ్గొట్టొచ్చు, చెవి కొరకొచ్చు, కంట్లో వేలు పెట్టొచ్చు. సాయంత్రం అందరూ కలిసి బీరు తాగుతారు. ఈల పడ్డాక గిల్లినా మనిషి కాదు వాడు. యుద్ధం నుంచి వచ్చినవాళ్ళకి ఆ ఈల మీద ఇంకా పట్టుదల. ఎక్కడో ఒకచోట ఆగాలి కదా అని వాళ్ళందరూ ఆ ఒక్కదాన్ని నమ్ముకున్నారు.

బట్టలు మార్చుకునే గదిలో తలుపు మూశారు. నలుగురు పట్టుకున్నారు, నిజానికి పట్టుకోవాల్సిన అవసరం లేదు. ఎమిల్ చెయ్యెత్తలేదు. రస్ ముందు పిడికిళ్ళతో కొట్టాడు, అవి నొప్పెట్టాక మేకుల బూటు చేతిలోకి తీసుకున్నాడు.

“ఎందుకు కొట్టావో చెప్పు. ఒక్క మాట చెప్పు, వదిలేస్తాను.”

చెప్పాలని ఎమిల్‌కి ప్రాణం కొట్టుకుంది. రస్ అర్థం చేసుకునేవాడేమో, వాడూ బోయిట్‌లాంటివాళ్ళని చూసే ఉంటాడు. కానీ ఒక నోట పడితే ఊరంతా పాకుతుంది. వెండెల్ బుర్ర చెడిందని అందరికీ తెలిస్తే, కాలు విరిగినా సరే, గ్రిబెల్ వాణ్ణి వచ్చే ఏడాదికి ఉంచుకోడు. కాలు ఆటలో విరిగిందనుకుంటేనే వాడి మంచం వాడిది.

“జారాను” అన్నాడు ఎమిల్.

“జారావా?” అన్నాడు రస్. బూటు పక్కటెముకల మీద పడింది. “ఎలా జారావు? ఇలాగా? ఇలాగా?”

శనివారం గ్రిబెల్ అతన్ని కూర్చోబెట్టలేదు, ఆడించాడు. మొదటిసారి బంతి కదలగానే ఎమిల్‌కి అటూ ఇటూ ఉన్న సొంత మనుషులు పక్కకి తప్పుకున్నారు. ప్రెంటిస్ వాళ్ళు ముగ్గురు ఒక్కసారిగా అతని మీద పడ్డారు. రెండోసారీ అంతే. ఆట సగానికి రాకముందే ముక్కు విరిగింది, ముందుపళ్ళు నాలుక మీద పడితే ఉమ్మేశాడు. ఒక కన్ను మూసుకుపోయింది. గుద్దాడు, గుద్దించుకున్నాడు. లోపల సద్దుమణిగేదేదో ఆ రోజు సద్దుమణగలేదు. ఎవణ్ణి గుద్దినా వెండెల్ ఎముక చప్పుడే వినిపించింది. చివర్లో కొత్త సెంటరు బంతిని రస్ తల మీదుగా పంపేశాడు. ప్రెంటిస్ వాళ్ళు దాని మీద పడ్డారు, మ్యాచ్ పోయింది, ఫ్లోరిడా పోయింది. మైదానం దాటుతుంటే మెట్ల మీంచి బొగ్గుపెళ్ళలు వచ్చి ఎమిల్ వీపుకి తగిలాయి. అతను పరిగెత్తలేదు.

ఆదివారం మధ్యాహ్నం ఆసుపత్రికి వెళ్ళాడు. తలుపు బయట కాసేపు నిలబడ్డాడు. జర్మనీలో ఏ ఇంటి తలుపు తన్నేటప్పుడూ ఇంత భయం వేయలేదు.

వెండెల్ ఎడంకాలు పిండికట్టుతో గాల్లో వేలాడుతోంది. కిటికీ తెర పూర్తిగా తీసి ఉంది. మొహం మీద ఎండ పడుతుంటే వాడు బొమ్మల కథల పేజీ చదువుకుంటున్నాడు.

“ఓరి దేవుడా, నీ మొహం ఏమైంది తాతా?”

“ప్రెంటిస్ వాళ్ళు.”

“మరీ అంతగానా? కూర్చో, కూర్చో.” కాగితం పక్కన పెట్టాడు. “పొద్దున రస్ వచ్చాడు. నువ్వు ఈల వేశాక కావాలనే కొట్టావంటాడు. నోరు ముయ్యరా అన్నాను. మా తాత అలాంటివాడు కాదు, జారుంటాడు అన్నాను. జారావు కదూ?”

“జారాను” అన్నాడు ఎమిల్. బూటు దెబ్బలన్నీ కలిపినా ఆ మాటంత నొప్పి పెట్టలేదు.

“నేను చెప్పలా! సరేగానీ, ఒక విచిత్రం విను. తలనొప్పి పోయింది. మొన్నట్నుంచీ లేదు. వెలుతురు చూడగలుగుతున్నాను, తిన్నది కడుపులో ఉంటోంది. ఇక్కడ గుడ్లు మన మెస్సు గుడ్లలా ఉండవులే. ఒక్క పేజీ మూడుసార్లు చదవాల్సిన పని కూడా లేదు.”

అడవిలోంచి బయటపడ్డాక ఇంత సంతోషం ఎమిల్ ఎరగడు. ఏడుపు వస్తుందేమోనని విరిగిన ముక్కు పట్టుకుని కిటికీ వైపు తిరిగాడు. ఒక్కణ్ణి దక్కించుకున్నాను, ఈసారి దక్కించుకున్నాను అనుకున్నాడు.

“కోచ్ కూడా వచ్చాడు” అంటున్నాడు వెండెల్. “నా మంచం నాదేనంట, మాటిచ్చాడు. డాక్టరు ఏమన్నాడో తెలుసా, అతుక్కున్న ఎముక ముందటికన్నా గట్టిగా ఉంటుందంట. ఎండాకాలానికి పరిగెత్తొచ్చంట. సెప్టెంబరులో మళ్ళీ నేనే సెంటరు. ఇంకా మూడేళ్ళు ఆడతాను తాతా, మూడేళ్ళు! నేనుండుంటే నిన్న ప్రెంటిస్ వాళ్ళు గెలిచేవాళ్ళా? ఈసారి వాళ్ళ అంతు చూద్దాం. నువ్వు పక్కనే ఉంటావు కదూ?”

వెండెల్ ఈల వేయడం మొదలుపెట్టాడు. దుప్పటి కింద వాడి కుడికాలు ఆ ఈలకి తగ్గట్టు ఊగుతోంది.

“ఉంటాను” అన్నాడు ఎమిల్, ఆ కుడికాలి వంకే చూస్తూ.